ఏ పొడవులో బలం? మూడుసార్లు గాయపడిన తొడ వెనుక కండరం: ఒక కేస్ స్టడీ

ఫిజియోథెరపిస్టుగా నేను చూసే గాయాల్లో తొడ వెనుక కండరాలవే ఎక్కువ. వాటిలో ఒక కేసును వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ కేసులో ఏడు వారాలపాటు సరైన దారిలోనే ఉన్నానని నమ్మాను, కొలతలు కూడా అవుననే చెప్పాయి, ఎనిమిదో వారంలో కండరం కాదంది. కండరం పొడవుకూ బలానికీ ఉన్న సంబంధాన్ని చూపే ఒక గీతను మొదటి సంవత్సరం శరీరధర్మశాస్త్రంలో చదువుకున్నాను, అది నాకు బాగా గుర్తుంది. దాన్ని పరీక్ష బల్ల దాకా తీసుకురావడమే మరిచిపోయాను. సంబంధిత వ్యక్తి అనుమతితో రాస్తున్నాను. అతన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా నోట్సులో ఉన్నవే.

నేపథ్యం

22 ఏళ్ల యువకుడు, 200 మీటర్ల పరుగు క్రీడాకారుడు. 14 నెలల్లో ఎడమ తొడ వెనుక మూడో గాయంతో వచ్చాడు. మూడూ ఒకే తీరున జరిగాయి. పూర్తి వేగం అందుకున్నాక, ముందుకు చాచిన కాలు ఇక నేలను తాకబోతుందనగా, తొడ వెనుక బయటి వైపున కత్తితో గీసినట్టు చురుక్కుమంది. రెండు మూడు అడుగులు కుంటి ఆగిపోయాడు.

మొదటిసారి రెండు వారాలు విశ్రాంతి తీసుకున్నాడు, ఐసు పెట్టుకున్నాడు, నొప్పి మాత్రలు వాడాడు. నొప్పి తగ్గగానే మైదానంలోకి దిగాడు. ఐదు నెలలకు రెండో గాయం. ఈసారి జాగ్రత్తపడి ఐదు వారాలు ఆగాడు. మసాజ్ చేయించుకున్నాడు, ఉదయం సాయంత్రం కాలు చాపుకుని ముందుకు వంగి కండరాన్ని సాగదీశాడు. తొమ్మిది నెలల తర్వాత మూడోది. మూడు చోట్ల చూపించుకున్నాడు, ముగ్గురూ ఒకే మాట చెప్పారట: కండరం బిగుసుకుపోయింది, బాగా సాగదీయాలి.

నా దగ్గరికి వచ్చిన రోజు అతను అన్న మొదటి మాట: "మళ్లీ అదే నరం పట్టేసింది సార్."

ఈ మాటను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. కండరం నొప్పినీ, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం నొప్పినీ, నిజమైన నాడి నొప్పినీ మనం "నరం" అనే ఒక్క మాటలో కలిపేస్తాం. చెప్పేవారికి తేడా అక్కర్లేదు. వినేవాడికి మాత్రం మొదట తేల్చుకోవలసింది అదే. తొడ వెనుక నుంచే శరీరంలోకెల్లా లావైన నాడి వెళుతుంది. నడుములో వెన్నుపూస దగ్గర ఒత్తిడి ఉన్నా నొప్పి అచ్చం అక్కడే తెలుస్తుంది.

మొదటి పరీక్ష

గాయమైన తొమ్మిదో రోజున చూశాను. అతన్ని బల్ల అంచున కూర్చోబెట్టి, వీపు వంచి గడ్డం ఛాతీకి ఆనించమన్నాను. ఆ స్థితిలోనే నొప్పి మొదలయ్యేదాకా మోకాలు చాపించాను. మోకాలిని అక్కడే ఆపి తల మాత్రం పైకెత్తమన్నాను. తల ఎత్తితే వెన్నుపాము, దాని నుంచి వచ్చే నాడులు కాస్త వదులవుతాయి. తొడ కండరం పొడవు మాత్రం మారదు. నొప్పి తగ్గితే నాడిని అనుమానించాలి. తగ్గలేదు. తిమ్మిరి లేదు, పాదంలో బలహీనత లేదు. కాబట్టి కండరమే.

మోకాలి వెనుక ఆకుపచ్చ, పసుపు కలిసిన కమిలిన మచ్చ ఉంది. నొప్పి ఉన్న చోటుకు అది ఒక జానెడు కింద. తొడ మధ్యలో దెబ్బ తగిలితే మచ్చ మోకాలి దగ్గర ఎందుకు వచ్చిందని అతను భయపడ్డాడు. కండరాల చుట్టూ సంయోజక కణజాలపు పొరలు ఉంటాయి. చిట్లిన కేశనాళికల రక్తం ఆ పొరల మధ్య నుంచి బరువుకొద్దీ కిందికి జారుతుంది. మచ్చ రక్తం చేరిన చోటును చూపుతుంది, తెగిన చోటును కాదు.

ఎంఆర్‌ఐలో, తొడ వెనుక బయటి వైపున ఉండే బైసెప్స్ ఫెమొరిస్ అనే కండరపు పొడవైన శీర్షంలో, కండరం స్నాయుబంధనంతో కలిసే చోట కొత్త గాయం, దాన్ని ఆనుకుని పాత మచ్చ కణజాలం కనిపించాయి. స్నాయుబంధనం కండరం కొసల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఈ కండరంలో అలా కాదు. పై నుంచి వచ్చేది, కింది నుంచి వచ్చేది రెండూ కండరం లోపలికి చాలా దూరం చొచ్చుకుపోతాయి. కండర తంతువులు ఈకలోని పోగుల్లా ఏటవాలుగా వచ్చి దానికి అతుక్కుంటాయి. అందుకే తొడ నడుమ తగిలిన గాయం కూడా తరచుగా అతుకు దగ్గరి గాయమే అవుతుంది. ఆ అతుకును సూక్ష్మదర్శినిలో చూస్తే తంతువు కొస నున్నగా ఉండదు, చేతివేళ్లలా ముడతలు పడి ఉంటుంది. ఆ ముడతల వల్ల అతుక్కునే వైశాల్యం అనేక రెట్లు పెరుగుతుంది, లాగుడు ఒక్క చోటే పడకుండా పరుచుకుంటుంది. ఇంత ఏర్పాటు ఉన్నా, బిగిసి ఉన్న కండరాన్ని బలవంతంగా సాగదీసినప్పుడు ముందుగా లొంగేది ఆ పరిసరాలే.

ఇక బలం. బోర్లా పడుకోబెట్టి, మోకాలు 90 డిగ్రీలు వంచి, మడమ దగ్గర బలాన్ని కొలిచే డైనమోమీటర్ ఆనించి కొలిచాను. నొప్పి వల్ల ఎడమ కాలు 60 శాతమే చూపింది. ఆ రోజుకు అది సహజం. వెల్లకిలా పడుకుని నిటారు కాలిని పైకెత్తితే కుడి వైపు 85 డిగ్రీలు, ఎడమ వైపు 62 దగ్గర నొప్పి.

మొదట ఏం చేశాను, ఎందుకు

చీలిన కండరం మానేందుకు దానికంటూ ఒక క్రమం ఉంది. మొదటి రోజుల్లో వాపు, మృత తంతువులను శుభ్రంచేసే కణాల రాక. ఆ వెంటనే శాటిలైట్ కణాలు మేల్కొంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో వీటిని వర్ణించాడు. తంతువు పొరను అంటిపెట్టుకుని నిద్రాణంగా ఉండే ఈ కణాలే విభజన చెంది, ఒకదానితో ఒకటి కలిసి కొత్త తంతు భాగాలను కడతాయి. అదే సమయంలో పక్కన కొలాజెన్ మచ్చ కూడా పెరుగుతుంది. ఈ రెండింటి పోటీలో మనం చేయగలిగింది సరైన సమయంలో సరైన లాగుడు ఇవ్వడమే. మరీ ముందు లాగితే కొత్త అతుకు తెగుతుంది. మరీ ఆలస్యం చేస్తే మచ్చ బలపడుతుంది, తంతువులు అడ్డదిడ్డంగా పెరుగుతాయి.

అందుకే మంచం మీద ఉంచలేదు. నొప్పి రాని మేర నడక, కీలు కదపకుండా కండరాన్ని బిగించే నిశ్చల సంకోచాలు, ఆ తర్వాత మోకాలు వంచే యంత్రం మీద బరువులు. బోర్లా పడుకుని మడమను పిరుదుల వైపు తెచ్చే వ్యాయామం అది. దాన్ని ఎంచుకోవడానికి నాకు మూడు కారణాలు కనిపించాయి: బరువును కిలోల్లో పెంచుతూ పోవచ్చు, కండరం ఎక్కువ సాగదు కాబట్టి భద్రం, ప్రతి వారం ప్రగతిని ఒక అంకెలో చూడవచ్చు. దానికి తోడు రోజూ సాగదీత, నాలుగో వారం నుంచి నెమ్మదిగా పరుగు.

ఏడో వారానికి అంకెలు ముచ్చటగా ఉన్నాయి. 90 డిగ్రీల దగ్గర బలం కుడి కాలితో పోలిస్తే 97 శాతం. నిటారు కాలు 84 డిగ్రీల దాకా లేచింది. నొక్కితే నొప్పి లేదు. నెమ్మది పరుగులో ఇబ్బంది లేదు. కోచ్‌తో మాట్లాడి వేగం పెంచడానికి ఒప్పుకున్నాను.

ఎనిమిదో వారం

మూడో వేగపు పరుగులో, తన పూర్తి వేగంలో సుమారు 90 శాతం దగ్గర, అదే చోట పట్టేసింది. ఈసారి కుంటలేదు. చీలే ముందు వచ్చే హెచ్చరికను గుర్తుపట్టి తానే ఆగిపోయాడు. మర్నాడు అల్ట్రాసౌండ్‌లో కొత్త చీలిక కనిపించలేదు. అయినా అతని ముఖం చూస్తే అది నాలుగో గాయమే. "బలం వచ్చిందన్నారు కదా సార్" అన్నాడు. నిందించే గొంతు కాదది. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం నోట్సు మళ్లీ మొదటి నుంచి చదివాను. నిద్ర, నీళ్లు, షూస్, మైదానం అన్నీ పరిశీలించాను. చివరికి నా సొంత చేతిరాతలో, ప్రతి వారం ఒకేలా రాసిన ఒక పంక్తి దగ్గర ఆగాను: "బోర్లా, మోకాలు 90 డిగ్రీలు." అతను గాయపడింది తుంటి వంగి, మోకాలు దాదాపు చాచుకుని ఉన్నప్పుడు. నేను బలం కొలిచింది తుంటి చాచి, మోకాలు వంగి ఉన్నప్పుడు. తొడ వెనుక కండరాల్లో ఒక్క బైసెప్స్ పొట్టి శీర్షం తప్ప మిగిలినవన్నీ రెండు కీళ్లనూ దాటి వెళతాయి. నేను కొలిచిన స్థితిలో రెండు కీళ్ల దగ్గరా అవి కురచగా ఉంటాయి. అతను గాయపడిన స్థితిలో రెండు కీళ్ల దగ్గరా సాగి ఉంటాయి. కురచ పొడవులో కండరం బాగుందని, అదే కండరానికి సాగిన పొడవులోనూ పూచీ ఇచ్చాను.

మళ్లీ కొలత

రెండు రోజుల తర్వాత, నొప్పి పూర్తిగా తగ్గాక, మూడు స్థితుల్లో కొలిచాను. బోర్లా, మోకాలు 90 దగ్గర: కుడి కాలితో పోలిస్తే 96 శాతం. బోర్లా, మోకాలు 15 దగ్గర: 86. కూర్చోబెట్టి, తుంటి 90 డిగ్రీలు వంచి, మోకాలు 30 దగ్గర: 76. పొరపాటు పడ్డానేమోనని మూడోదాన్ని మరో రోజు మళ్లీ కొలిచాను. 75 వచ్చింది.

కండరం సాగేకొద్దీ ఎడమ కాలు వెనకబడుతోంది. ఇక్కడే ఆ పాత గీత గుర్తొచ్చింది.

కండర తంతువు లోపల పొడుగునా సార్కోమియర్లు అనే చిన్న గదులు వరసగా ఉంటాయి. ప్రతి గదిలో మధ్యన మందమైన మయోసిన్ పోగులు, రెండు వైపుల నుంచి వాటి మధ్యలోకి వచ్చే సన్నని ఆక్టిన్ పోగులు. రెండు చేతుల వేళ్లను ఎదురెదురుగా ఒకదాని సందులో ఒకటి దూర్చి చూడండి, దాదాపు అలా. సంకోచంలో ఏ పోగూ పొట్టిగా మారదు, ఒకదాని మీదుగా ఒకటి జారుతుంది. 1954లో ఇద్దరు హక్స్‌లీలు, ఆండ్రూ హక్స్‌లీ నీడెర్గెర్కేతోనూ, హ్యూ హక్స్‌లీ జీన్ హాన్సన్‌తోనూ, ఒకరికొకరు బంధువులు కాకపోయినా వేరువేరుగా చెప్పింది ఒకే విషయం. 1966లో గోర్డన్, హక్స్‌లీ, జూలియన్ కప్ప తంతువుల మీద పొడవుకూ బలానికీ ఉన్న లెక్కను తేల్చారు. మయోసిన్ పోగులు ఆక్టిన్‌ను పట్టుకునే చోట్లను వంతెనలనుకుంటే, పోగులు ఎంత కలిసి ఉంటే అన్ని వంతెనలు, ఎన్ని వంతెనలుంటే అంత బలం. మరీ కురచైతే పోగులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. మరీ సాగితే కలిసే చోటే మిగలదు. మనిషి కండరంలో గది పొడవు 2.6 నుంచి 2.8 మైక్రోమీటర్ల మధ్య ఉన్నప్పుడు బలం అత్యధికం. అక్కడి నుంచి తగ్గుతూ 4.2 దగ్గర వంతెనల బలం దాదాపు సున్నా.

ఇప్పుడు కాగితం మీద ఒక లెక్క వేశాను. 10 సెంటీమీటర్ల తంతువులో, గది 2.5 మైక్రోమీటర్లనుకుంటే, వరసగా 40 వేల గదులు. పరుగులో కాలు చాచినప్పుడు ఆ తంతువు 12 సెంటీమీటర్లకు సాగిందనుకుందాం. ఒక్కో గది 3 మైక్రోమీటర్లు అవుతుంది. దిగుతున్న గీత మీద అది గరిష్ఠ బలంలో సుమారు 86 శాతం. ఇదే పని 36 వేల గదులే ఉన్న తంతువు చేయవలసి వస్తే? ఒక్కో గది 3.33 దాకా సాగాలి. బలం 60 శాతం చిల్లరకు పడిపోతుంది. కండరం బయటికి అంతే లావు, మోకాలు వంచి కొలిస్తే అంతే బలం. కాలు చాచిన క్షణంలో మాత్రం ఒకటి పట్టు మీద ఉంటుంది, రెండోది జారుడు మీద ఉంటుంది. పైగా జారుడు మీద అన్ని గదులూ సమానంగా సాగవు. బలహీనమైనవి ముందు లొంగి, తమ వంతుకు మించి సాగుతాయి. నష్టం మొదలయ్యేది అక్కడే అన్నది 1990లో మోర్గాన్ ప్రతిపాదన.

అతని గదులను నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే సాధనం క్లినిక్కులో లేదు. అల్ట్రాసౌండ్‌లో తంతు కట్టల పొడవును అంచనా వేయవచ్చు, అంతే. కానీ గదులు శాశ్వతం కావన్నది తెలిసిన సంగతి. 1972లో టబరీ బృందం పిల్లి పిక్కలోని సోలియస్ కండరాన్ని కురచగా ఉండే స్థితిలో కట్టు కడితే వరసలోని గదులు 40 శాతం తగ్గాయి, సాగిన స్థితిలో కడితే సుమారు 20 శాతం పెరిగాయి. కండరం తాను పనిచేసే పొడవుకు తగ్గట్టు తన్ను తాను మళ్లీ కట్టుకుంటుంది. మూడు గాయాలు, మూడుసార్లు కాలు వంచుకుని విశ్రాంతి, ఆపైన నేను ఏడు వారాలు కురచ పొడవులో ఇచ్చిన వ్యాయామం. కురచగా ఉండడమే నీ పని అని ఆ కండరానికి మేమందరం కలిసి నేర్పాం.

మరో రెండు కారణాలు కూడా ఉండవచ్చు. పాత మచ్చ పక్క తంతువుల కన్నా గట్టిది, అది అంతగా సాగదు కనుక దాని పక్క భాగం మరింత సాగాలి. రెండోది నాడీ వ్యవస్థ. ఒకసారి దెబ్బతిన్న కండరం సాగిన స్థితిలో ఉన్నప్పుడు మెదడు దానికి పూర్తి ఆజ్ఞ ఇవ్వకుండా బిగపట్టడం తరచుగా చూస్తాం. మూడింటిలో ఏది ఎంతో విడదీయలేకపోయాను. నిర్ణయానికి అది అడ్డు కాలేదు, ఎందుకంటే మూడింటికీ నేను ఇవ్వగలిగింది ఒకటే: సాగిన పొడవులో, బిగింపుతో కూడిన పని.

మరి రోజూ చేసిన సాగదీత సంగతి ఏమిటి? నిటారు కాలు 84 డిగ్రీలు లేచింది కదా. అది బిగింపు లేని కండరం సాగడం. అప్పుడు నిరోధించేది ప్రధానంగా టైటిన్ అనే పొడవాటి ప్రోటీను, తంతువుల చుట్టూ ఉన్న సంయోజక కణజాలం. టైటిన్ మన శరీరంలోకెల్లా పెద్ద ప్రోటీను, గది అంచు నుంచి మధ్య దాకా స్ప్రింగులా పరుచుకుని ఉంటుంది. వారాల సాగదీతతో పెరిగేది చాలావరకు ఆ లాగుడును ఓర్చుకునే శక్తి. సాగగలగడం వేరు, సాగుతూ పట్టి ఉంచగలగడం వేరు. పరుగులో కావలసింది రెండోది.

రెండో ప్రణాళిక

బరువును ఎత్తేటప్పుడు కండరం కురచవుతూ పనిచేస్తుంది, మెల్లగా దించేటప్పుడు బిగిసి ఉండే సాగుతుంది. ఈ రెండో రకాన్ని ఎక్సెంట్రిక్ పని అంటారు. ఇందులో కండరం నిశ్చలంగా బిగించినప్పటి కన్నా ఎక్కువ బలాన్ని తట్టుకుంటుంది, దానికి ఖర్చయ్యే శక్తి మాత్రం తక్కువ. గాయం జరిగేదీ ఈ పనిలోనే, గాయాన్ని ఆపే శిక్షణ దొరికేదీ ఈ పనిలోనే. తేడా అంతా మోతాదులో ఉంది.

నార్డిక్ వ్యాయామంతో మొదలుపెట్టాను. మోకాళ్ల మీద నిలబడి, చీలమండలను ఎవరో పట్టుకోగా, నడుము వంచకుండా శరీరాన్ని ముందుకు వీలైనంత నెమ్మదిగా వాల్చడం. వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. మొదటి వారం ఐదేసి చొప్పున రెండు విడతలే. ఇంత తక్కువా అని అతను నిరాశపడ్డాడు. అలవాటు లేని ఎక్సెంట్రిక్ పని తర్వాత తంతువుల్లో సూక్ష్మ నష్టం జరుగుతుంది, నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య పెరిగి తగ్గుతుంది. ఒకసారి ఆ నష్టం నుంచి కోలుకున్న కండరం అదే పనికి రెండోసారి అంతగా నొచ్చుకోదు. ఆ రక్షణ వచ్చేదాకా చిన్న మోతాదే నయమని చెప్పాను.

మూడో వారంలో నాకు చెప్పకుండా మూడు రెట్లు చేశాడు. రెండో రోజు ఉదయం ఫోను: "సార్, మళ్లీ తెగినట్టుంది, కూర్చోలేకపోతున్నాను." వెంటనే రమ్మన్నాను. నొప్పి రెండు తొడలకూ సమానంగా ఉంది. ఒక వేలితో చూపించలేకపోయాడు, అరచేతితో తొడంతా తడిమి చూపించాడు. చేస్తున్నప్పుడు నొప్పి లేదు, పన్నెండు గంటల తర్వాతే మొదలైంది. చీలిక ఇలా ఉండదు. అది ఒక క్షణంలో, ఒక చోట, ఒక కాలికి వస్తుంది. మూత్రం రంగు కూడా అడిగాను. కండర తంతువులు భారీగా దెబ్బతింటే వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీను రక్తంలోకి వచ్చి మూత్రాన్ని ముదురు గోధుమ రంగుకు మారుస్తుంది, మూత్రపిండాలకు ప్రమాదం. అలా ఉంటే ఫిజియోథెరపీ గది కాదు, అత్యవసర విభాగమే గతి. రంగు మామూలుగానే ఉంది. నాలుగు రోజులు తేలికపాటి నడక, మళ్లీ పాత మోతాదు. ఆ నాలుగు రోజుల వల్ల ఒక మేలు జరిగింది: తెగిన నొప్పికీ పనిచేసిన నొప్పికీ తేడా అతనికి తన ఒంటి మీదే తెలిసింది. అంతకుముందు ఏ చిన్న బిగుతు తెలిసినా భయపడి ఆగిపోయేవాడు.

ఐదు వారాలకు మళ్లీ కొలిస్తే మోకాలు 15 దగ్గర 86 కాస్తా 94 అయింది. కూర్చుని కొలిచిన మూడో స్థితిలో 76 నుంచి 81కే కదిలింది. ఇది నన్ను కొంత కలవరపెట్టింది. కానీ ఆలోచిస్తే అర్థమైంది. నార్డిక్‌లో తుంటి చాచే ఉంటుంది, సాగేది మోకాలి వైపే. పైగా అందులో ఎక్కువ శ్రమ పడేది తొడ వెనుక లోపలి వైపున ఉండే సెమిటెండినోసస్ కండరం. ఇతని గాయం బైసెప్స్ పొడవైన శీర్షంలో. దానికి తుంటి దగ్గర వంగి లేచే పనులు ఎక్కువ పట్టు ఇస్తాయి. అందుకని మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచి బరువుతో తుంటి దగ్గర వంగి లేవడం, అదే పని ఒంటి కాలి మీద చేయడం చేర్చాను. ప్రతిసారీ దిగడానికి నాలుగు లెక్కలు, లేవడానికి ఒకటి. నార్డిక్‌ను వారానికి ఒకసారికి తగ్గించాను. మరో ఐదు వారాలకు మూడో స్థితి 93.

పరుగులోకి

మొదటిసారి నేను చేసిన ఇంకో పొరపాటు ఇక్కడ ఒప్పుకోవాలి. నెమ్మది పరుగులో ఇబ్బంది లేకపోవడాన్ని వేగపు పరుగుకు అర్హతగా తీసుకున్నాను. వేగం 80 నుంచి 100 శాతానికి పెరిగేటప్పుడు, ఊగి వచ్చే కాలిని ఆపడానికి ఈ కండరం మీద పడే భారం వేగం పెరిగినంత నిష్పత్తిలో పెరగదు, అంతకన్నా నిట్టనిలువుగా పెరుగుతుంది. ఎన్ని కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తినా ఆ భారం కండరానికి పరిచయం కాదు.

అందుకని రెండో ప్రణాళికలో వేగాన్ని కూడా మందులాగే మోతాదుగా రాశాను. వారానికి రెండు రోజులు, 60 మీటర్ల పరుగులు, 70 శాతం నుంచి మొదలు, మర్నాటి ఉదయం తొడ మామూలుగా ఉంటేనే తర్వాతిసారి ఐదు శాతం పెంపు. 90 దాటాక పరుగుల సంఖ్య నాలుగుకు తగ్గించాం. కోచ్ గారు వేగాన్ని గడియారంతో కొలిచి పంపేవారు. అతని ఊహకు వదిలేస్తే 85 అనుకుంటూ 95లో పరుగెత్తేవాడు, అది మొదటి రోజే తేలింది. 90 శాతం చేరిన రోజు ముగ్గురం మౌనంగా ఉన్నాం. ఎనిమిదో వారంలో పట్టేసిన చోటు అదే. నాలుగు పరుగులూ అయ్యాక తొడ వెనుక చేయి పెట్టి నొక్కి చూసుకుని, ఏమీ లేదన్నట్టు తల ఊపాడు.

రెండో ప్రణాళిక మొదలైన 16వ వారంలో పోటీలో దిగాడు.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు తొడ వెనుక గాయమంటే బలాన్ని ఎప్పుడూ కనీసం మూడు పొడవుల్లో కొలుస్తాను, రాసేటప్పుడు అంకె పక్కన కోణం రాయనిదే ఆ అంకెను లెక్కలోకి తీసుకోను. పిక్క కండరానికీ, తొడ ముందు కండరానికీ ఇదే వర్తింపజేస్తున్నాను. రెండు కీళ్లు దాటే కండరమైతే రెండో కీలు ఎక్కడుందో కూడా రాస్తాను.

"బిగుతుగా ఉంది" అని ఎవరైనా అంటే వెంటనే సాగదీయడం మానేశాను. బిగుతు అనేది అనుభూతి, కొలత కాదు. కురచైన కండరం బిగుతుగా అనిపించవచ్చు, సాగిన స్థితిలో బలహీనమైన కండరం కూడా తన్ను తాను కాపాడుకోవడానికి బిగుసుకోవచ్చు. మొదటిదానికి సాగదీత పనికొస్తుంది. రెండోదానికి బలమే కావాలి. ఈ కుర్రవాడికి ముగ్గురు, నాతో కలిపి నలుగురం, మొదటిదనుకున్నాం.

ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కాలం గడవడం కూడా ఒక వైద్యమే, మచ్చ నెలలకొద్దీ పక్వమవుతూ ఉంటుంది, వేగాన్ని క్రమంగా పెంచడమొక్కటే అతన్ని కాపాడి ఉండవచ్చు. నా మొదటి ప్రణాళికనే మరో నాలుగు నెలలు సాగించి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కానీ ఏడో వారంలో నేను అతన్ని పరుగుకు పంపిన రోజున మూడో స్థితిలో కొలిచి ఉంటే పంపేవాణ్ణి కాదు. అందులో సందేహం లేదు.

ఆ తర్వాత

పోటీల కాలమంతా వారానికి ఒక విడత ఎక్సెంట్రిక్ పని కొనసాగించాడు. కొత్త గాయం లేదు. కాలం ముగిశాక ఆరు వారాలు అన్నీ మానేసి విశ్రాంతి తీసుకున్నాడు, అది అతని హక్కు, నేనే తీసుకోమన్నాను. తిరిగి వచ్చిన రోజు కొలిస్తే మోకాలు 90 దగ్గర రెండు కాళ్లూ సమానం. కూర్చుని కొలిచిన స్థితిలో 93 మళ్లీ 85కు దిగింది. నొప్పి లేదు, బిగుతు లేదు, పరుగెత్తమంటే ఆ రోజే పరుగెత్తేవాడు.

నోట్సు అతని వైపు తిప్పి ఆ రెండు అంకెలూ చూపించాను. కాసేపు చూసి, "అయితే మళ్లీ ఐదేసి, రెండు విడతల నుంచేనా సార్?" అన్నాడు. అవునన్నాను. చాప పరిచి మోకాళ్ల మీద నిలబడ్డాడు, నేను చీలమండలు పట్టుకున్నాను.